హోమ్ లోన్ కిస్తీల లెక్క మన సొంత షీటులో: ముందుగా కడితే ఎంత మిగులుతుందో చూసుకోవడం ఎలా

ఇల్లు కట్టుకోవడానికి లోన్ తీసుకునేటప్పుడు మన చెవిన పడేవి రెండే అంకెలు. నెలకు ఈఎంఐ ఎంత, ఎన్నేళ్లు కట్టాలి. మొత్తం మీద మిత్తి (వడ్డీ) కింద ఎంత పోతుందన్నది మనం అంతగా పట్టించుకోం. "మే నెలలో వడ్ల పైసలొస్తే ఒక 50 వేలు కట్టేస్తా, అప్పుడెట్లుంటది?" అన్న ప్రశ్నకైతే బ్యాంకు ఇచ్చే ఏ కాగితంలోనూ జవాబు ఉండదు.

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, జడ్చర్ల వైపు చాలా ఇళ్లకు ఈ ప్రశ్న తప్పదు. ఒకరికి జీతం ఉంటుంది, దాని పక్కనే సాగర్ ఎడమ కాల్వ కింద రెండెకరాల వరో, బత్తాయి తోటో, పాలమూరు వైపైతే పత్తి చేనో ఉంటుంది. జీతం నెలనెలా వస్తుంది, పంట డబ్బు ఏడాదికి ఒకటి రెండు సార్లు వస్తుంది. ఉద్యోగులకు డీఏ బకాయిలు, పోలేపల్లి సెజ్‌లో పనిచేసేవాళ్లకు బోనస్ కూడా అట్లాగే ఒక్కసారిగా చేతికొస్తాయి. ఆ డబ్బును అప్పులో ఏ నెల వేస్తే ఎంత మిగులుతుందో చూపించే షీటును ఒక గంట కూర్చుంటే మనమే తయారు చేసుకోవచ్చు. లెక్కల మాస్టారు కానక్కర్లేదు. కూడిక, తీసివేత, గుణకారం వస్తే చాలు.

ముందు చేతిలో పెట్టుకోవలసినవి

లోన్ స్టేట్‌మెంట్, శాంక్షన్ లెటర్ పక్కన పెట్టుకోండి. ఫోన్‌లోనైనా కంప్యూటర్‌లోనైనా గూగుల్ షీట్స్ ఉచితం. ఎక్సెల్ ఉంటే అదీ సరే, లిబ్రెఆఫీస్ అయినా సరే, ఈ సూత్రాలు మూడింటిలోనూ పనిచేస్తాయి. కంప్యూటర్ దొరికితే మొదటిసారి దాని మీదే చేయండి, తర్వాత ఫోన్‌లో చూసుకోవచ్చు.

అప్పు మొత్తాన్ని మీ జ్ఞాపకం మీద రాయకండి, స్టేట్‌మెంట్‌లో ఉన్నదే రాయండి. 30 లక్షలు అడిగినవాళ్ల ఖాతాలో ఇన్సూరెన్స్ ప్రీమియం కూడా కలిపి అంతకంటే పెద్ద అంకె ఉండడం మామూలే. ఆ ప్రీమియానికి కూడా ఇరవై ఏళ్లు మిత్తి నడుస్తుంది. సొంత స్థలంలో కట్టుకునేవాళ్లకు బ్యాంకు బేస్‌మెంట్‌కు ఇంత, స్లాబుకు ఇంత అని విడతలుగా ఇస్తుంది. చివరి విడత వచ్చేదాకా ఇచ్చినదాని మీద మిత్తి మాత్రమే కట్టించుకునే పద్ధతి ఉంటే, పూర్తి ఈఎంఐ మొదలైన నెల నుంచే షీటు మొదలుపెట్టండి.

గూగుల్ షీట్స్‌లో ఫైల్ మెనూలోని సెట్టింగ్స్‌కు వెళ్లి లొకేల్ ఇండియా అని పెట్టండి. లేకుంటే తేదీలో నెల ముందు, రోజు తర్వాత పడి మొత్తం తారుమారవుతుంది.

మొదటి మెట్టు: పైన నాలుగు గడులు

సూత్రాలను పలికినట్టు రాస్తున్నాను. గడిలో కొట్టేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలే కొట్టాలి: ఏ నుంచి హెచ్ వరకు గడులకు A నుంచి H, రౌండ్‌కు ROUND, పీఎంటీకి PMT, మిన్‌కు MIN, మ్యాక్స్‌కు MAX, ఈడేట్‌కు EDATE, సమ్‌కు SUM, కౌంట్‌ఇఫ్‌కు COUNTIF. ఏ1 నుంచి ఏ4 వరకు పేర్లు, బీ1 నుంచి బీ4 వరకు అంకెలు పెట్టాలి.

బీ1: అప్పు. ఉదాహరణకు 3000000. మధ్యలో కామాలు కొట్టకండి.
బీ2: వడ్డీ రేటు. 8.5% అని శాతం గుర్తుతో సహా కొట్టండి. గుర్తు మరిచిపోతే ఈఎంఐ లక్షల్లో కనబడుతుంది.
బీ3: నెలలు. ఇరవై ఏళ్లకు 240.
బీ4: =రౌండ్(పీఎంటీ(బీ2/12, బీ3, -బీ1), 0)

బీ1 ముందు తీసివేత గుర్తు పెట్టకపోతే జవాబు మైనస్‌లో వస్తుంది. పై అంకెలకు బీ4లో 26,035 రావాలి. వస్తే సగం పని అయినట్టే. మీ సొంత అంకెలు పెట్టాక వచ్చేది బ్యాంకు చెప్పిన ఈఎంఐతో రూపాయి అటూఇటుగా సరిపోవాలి. వందల్లో తేడా ఉంటే అప్పు మొత్తమో, రేటో, గడువో మీరనుకున్నది కాదన్నమాట. ముందు అది తేల్చుకోండి.

రెండో మెట్టు: నెలవారీ పట్టిక

ఏడో వరుసలో శీర్షికలు రాయండి. ఏ నుంచి హెచ్ వరకు వరుసగా: నెల, మొదటి బాకీ, రేటు, మిత్తి, ఈఎంఐ, అసలు, అదనం, మిగిలిన బాకీ.

ఎనిమిదో వరుస మొదటి నెల.

ఏ8: మొదటి ఈఎంఐ తేదీ
బీ8: =బీ1
సీ8: =బీ2
డీ8: =రౌండ్(బీ8*సీ8/12, 0)
ఈ8: =మిన్(బీ4, బీ8+డీ8)
ఎఫ్8: =ఈ8-డీ8
జీ8: ఖాళీ
హెచ్8: =మ్యాక్స్(0, బీ8-ఎఫ్8-జీ8)

తొమ్మిదో వరుసలో నాలుగు గడులే మారతాయి.

ఏ9: =ఈడేట్(ఏ8, 1)
బీ9: =హెచ్8
సీ9: =సీ8
ఈ9: =మిన్(ఈ8, బీ9+డీ9)

డీ, ఎఫ్, హెచ్ గడులను పై వరుస నుంచి కాపీ చేసుకోండి. తర్వాత తొమ్మిదో వరుస మొత్తాన్ని కాపీ చేసి, 10 నుంచి 367 వరకు ఉన్న వరుసలన్నీ ఎంచుకొని పేస్ట్ చేయండి. నెలలున్న ఏ కాలమ్‌లో తేదీకి బదులు ఏదో పెద్ద అంకె కనబడితే ఆ కాలమ్‌ను తేదీ ఫార్మాట్‌లోకి మార్చండి. గడువు 240 నెలలే అయినా 360 నెలలకు వరుసలు పెట్టమంటున్నది ఎందుకంటే, రేటు పెరిగితే గడువు ఎంత సాగుతుందో కూడా ఈ షీటులోనే కనబడాలి.

రేటును, ఈఎంఐని బీ2, బీ4 నుంచి ప్రతి వరుసకూ తెచ్చుకోకుండా పై వరుస నుంచి కిందికి దించుకోవడంలో ఒక లాభం ఉంది. ఫలానా నెలలో రేటు మారిందనుకోండి. ఆ నెల సీ గడిలో కొత్త రేటు కొడితే చాలు, దాని కింద ఉన్న నెలలన్నీ అవే మారిపోతాయి, పైన కట్టేసిన నెలల లెక్క చెదరదు. ఈఎంఐ పెంచుకున్నా అంతే.

ఇప్పుడు సరిచూసుకోండి. మొదటి నెల మిత్తి 21,250, అసలు 4,785, మిగిలిన బాకీ 29,95,215. రెండో నెల మిత్తి 21,216. 240వ నెల, అంటే 247వ వరుసలో, మిగిలిన బాకీ సున్నా పడాలి, ఆ నెల ఈఎంఐ కొంచెం తక్కువ ఉండాలి. 26 వేలు కడితే అప్పు తగ్గింది 5 వేలు కూడా లేదని చూసి కంగారు పడొద్దు, బ్యాంకు మోసమేమీ లేదు. బాకీ పెద్దగా ఉన్నప్పుడు దాని మీద మిత్తీ పెద్దగానే ఉంటుంది.

అట్లాగే కిందికి దిగుతూ పోండి. పదేళ్లు, అంటే 120 కిస్తీలు, కట్టాక చేతి నుంచి పోయింది 31 లక్షల పైచిలుకు. మిగిలిన బాకీ ఇంకా దాదాపు 21 లక్షలు. కిస్తీలో మిత్తి కంటే అసలు ఎక్కువయ్యేది 143వ నెలలో, పన్నెండో ఏడు ముగియబోతుండగా.

పైన ఇంకో రెండు గడులు కలపండి. ఈ1లో =సమ్(డీ8:డీ367), ఇది మొత్తం మిత్తి. ఈ2లో =కౌంట్‌ఇఫ్(ఈ8:ఈ367, ">0"), ఇది ఎన్ని నెలలు కడుతున్నామన్నది. మన ఉదాహరణలో మిత్తి సుమారు 32 లక్షల 48 వేలు, నెలలు 240. తీసుకున్న 30 లక్షల కంటే మిత్తే ఎక్కువ.

మూడో మెట్టు: అదనం కాలమ్‌తో ఆడి చూడటం

ఇప్పుడు ఈ షీటును డూప్లికేట్ చేయండి. కింద ట్యాబ్ పేరు మీద నొక్కితే ఆ ఆప్షన్ వస్తుంది. మొదటిదానికి "అదనం లేకుండా" అని పేరు పెట్టి ఇక ముట్టుకోకండి. రెండోదాంట్లోనే ప్రయోగాలన్నీ.

ముందు ఒకే ఒక లక్ష వేసి చూడండి. 12వ నెల జీ గడిలో 100000 కొట్టి ఈ1, ఈ2 చూడండి. మిత్తి సుమారు 3 లక్షల 70 వేలు తగ్గుతుంది, 18 నెలలు ముందే అప్పు తీరుతుంది. ఇప్పుడు ఆ లక్షను అక్కడ చెరిపేసి 120వ నెలలో కొట్టండి. తగ్గేది సుమారు 1 లక్ష 27 వేలే. అదే లక్ష. "కొంచెం నిలదొక్కుకున్నాక కడదాం" అనుకునేవాళ్లు ఈ రెండు అంకెలు ఒకసారి కళ్లారా చూడాలని నా కోరిక. కొత్త ఇంట్లోకి దిగిన మొదటి మూడు నాలుగేళ్లలో ఫర్నిచరు, పైన ఇంకో గది, ప్రహరీ అంటూ డబ్బంతా ఖర్చయ్యేదీ అప్పుడే, ముందుగా కట్టే రూపాయికి ఎక్కువ బలం ఉండేదీ అప్పుడే.

తర్వాత ఆ లక్షను కూడా చెరిపేసి, నెలనెలా పెంచి చూడండి. ఈ8లో సూత్రం తీసేసి 29035 అని కొట్టండి, అంటే నెలకు 3,000 ఎక్కువ. 240 నెలలు 187కు దిగుతాయి, మిత్తిలో దాదాపు 8 లక్షల 30 వేలు మిగులుతాయి. జీతం తప్ప వేరే రాబడి లేనివాళ్లకు ఇదే నయం. చేతిలో ఉంటే ఖర్చయిపోయే డబ్బు ముందే పోతుంది. చూశాక ఈ8లో పాత సూత్రం మళ్లీ పెట్టేయండి.

ఇక పంట డబ్బు. వానాకాలం వడ్లు కోసి, కల్లంలో ఆరబోసి, కాంటా పెట్టి, పైసలు ఖాతాలో పడేసరికి నవంబరు, డిసెంబరు అవుతుంది. యాసంగి వడ్లయితే ఏప్రిల్, మే. పత్తి ఏరుడు దసరా దాటాక మొదలై సంక్రాంతి దాకా విడతలుగా సాగుతుంది. మీకు ఏ నెలల్లో డబ్బు చేతికొస్తుందో ఆ నెలల జీ గడులకు పచ్చ రంగు వేయండి. ఆ గడుల్లో వచ్చిన డబ్బంతా రాయకండి. వచ్చే పంటకు విత్తనాలు, ఎరువులు, కూలీలు, పిల్లల ఫీజులు తీసేశాక మిగిలేదే రాయండి.

ఏడాదికి ఒక్కసారి 50 వేలు, ప్రతి 12వ నెలలో వేశామనుకుందాం. అప్పు 176 నెలల్లో తీరుతుంది. అంటే 14 ఏళ్ల 8 నెలలు. మిత్తిలో మిగిలేది దాదాపు 9 లక్షల 90 వేలు. పద్నాలుగేళ్లలో మనం వేసిన అదనం మొత్తం 7 లక్షలు.

కానీ ప్రతి ఏడూ ఒకే తీరుగా ఉండదని ఇక్కడివాళ్లకు వేరే చెప్పాలా? సాగర్ నిండని ఏడు కాల్వకు నీళ్లు రావు. పత్తి బాగా కాస్తే ధర పడిపోతుంది. అందుకే రెండో షీటును మళ్లీ డూప్లికేట్ చేసి, ప్రతి మూడో ఏడు జీ గడి ఖాళీగా వదిలేయండి. ఆ లెక్కన కూడా అప్పు 191 నెలలకు తీరుతుంది, మిత్తిలో సుమారు 7 లక్షల 90 వేలు మిగులుతాయి. మూడేళ్లకోసారి పంట దెబ్బతిన్నా నాలుగేళ్ల పైనే ముందు బయటపడతాం. మీ ప్లాను ఈ రెండో లెక్క మీదే వేసుకోండి. మంచి ఏడు వస్తే వచ్చిన లాభం అదనంగా ఉంటుంది, చెడ్డ ఏడు వచ్చినా లెక్క తప్పదు.

నాలుగో మెట్టు: రేటు కాలమ్ మీద కన్ను

హోమ్ లోన్లు ఎక్కువగా ఫ్లోటింగ్ రేటువే, అంటే మధ్యలో రేటు మారేవే. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులు కొత్తగా ఇచ్చే ఫ్లోటింగ్ హోమ్ లోన్ల రేటు బయటి ప్రామాణికానికి, చాలాచోట్ల ఆర్‌బీఐ రెపో రేటుకు (బ్యాంకులకు ఆర్‌బీఐ అప్పిచ్చే రేటు), ముడిపడి ఉంటుంది. రెపో 2022 మే మొదట్లో 4 శాతం ఉండేది, 2023 ఫిబ్రవరికి 6.5 అయింది. అప్పుడు చాలామందికి ఈఎంఐ మారలేదు, అందుకే సంగతి తెలియలేదు. పెరిగింది గడువు.

అది ఎట్లా జరుగుతుందో "అదనం లేకుండా" షీటును ఇంకోసారి డూప్లికేట్ చేసి, అందులో చూడండి. బీ2లో 7% పెట్టండి, ఈఎంఐ 23,259 వస్తుంది. ఇప్పుడు సీ8లో సూత్రం తీసేసి 9% అని కొట్టండి. ఈఎంఐ పాతదే ఉంటుంది, మొదటి నెల మిత్తి మాత్రం 22,500 అవుతుంది. అసలుకు జమయ్యేది 759 రూపాయలు! ఈ లెక్కకు 360 వరుసలు చాలవు, 480 దాకా లాగి, ఈ1, ఈ2 సూత్రాల్లో 367ను 487 చేయండి. ఇరవై ఏళ్ల అప్పు 38 ఏళ్లకు పోతుంది. 9.5% పెడితే మిత్తే 23,750, ఈఎంఐ కంటే ఎక్కువ. కడుతున్నకొద్దీ బాకీ పెరుగుతుంది.

ఇట్లాంటివి జరగకుండా ఆర్‌బీఐ 2023 ఆగస్టులో నియమాలు పెట్టింది. రేటు మారి ఈఎంఐ గానీ గడువు గానీ మారితే వెంటనే మనకు చెప్పాలి. ఈఎంఐ పెంచుకుంటారా, గడువు పెంచుకుంటారా, రెండూ కొంత కొంతనా అన్నది మనల్నే ఎంచుకోనివ్వాలి. గడువు పొడిగించినా ఈఎంఐ ఆ నెల మిత్తికి కూడా చాలని పరిస్థితి రానివ్వకూడదు. మూడు నెలలకోసారి, ఇప్పటిదాకా ఎంత అసలు ఎంత మిత్తి కట్టామో, ఇంకా ఎన్ని ఈఎంఐలు ఉన్నాయో, రేటెంతో చూపే స్టేట్‌మెంట్ ఇవ్వాలి. ఆ స్టేట్‌మెంట్ రాగానే షీటు తెరిచి "మిగిలిన బాకీ"తో పోల్చండి. బ్యాంకులు చాలావరకు రోజువారీ బాకీ మీద మిత్తి కడతాయి కాబట్టి పదులు, వందల్లో తేడా వస్తుంది. అదేం పర్వాలేదు. వేలల్లో తేడా ఉంటే రేటు మారిందేమో అడగండి, మారితే ఆ నెల సీ గడిలో కొత్త రేటు కొట్టండి. 2025 ఫిబ్రవరి, జూన్ మధ్య రెపో 6.5 నుంచి 5.5కు దిగింది. అట్లా తగ్గినప్పుడు ఈఎంఐ తగ్గించమనకుండా పాతదే కడతానంటే, మీ జేబులోంచి కొత్తగా రూపాయి తీయకుండానే అదనం కడుతున్నట్టు.

ఐదో మెట్టు: అదనం కట్టే ముందు, కట్టేటప్పుడు

బయట చేబదులు ఉంటే ముందు అది తీర్చండి. 8.5 శాతం అంటే మన లెక్కలో నూటికి నెలకు 71 పైసల మిత్తి. బయట నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. రెండ్రూపాయల మిత్తికి తెచ్చింది అట్లాగే పెట్టుకొని బ్యాంకుకు ముందస్తుగా కట్టడం శుద్ధ నష్టం. బంగారం కుదువపెట్టి ఉంటే దాని రేటు కూడా ఇట్లాగే పక్కపక్కన పెట్టి చూడండి.

అప్పులో వేసిన డబ్బు మామూలు హోమ్ లోన్‌లో వెనక్కి రాదు. ఆరు నెలల ఈఎంఐలకు, ఇంటి ఖర్చుకు సరిపడా డబ్బు పక్కన ఉంచుకున్నాకే జీ గడి నింపండి.

పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు, సొంతంగా ఉండే ఇంటి మిత్తి మీద ఏడాదికి 2 లక్షల వరకు మినహాయింపు ఉంది. ముందే కడితే అది పోతుందేమోనని భయపడేవాళ్లుంటారు. మన ఉదాహరణలో మొదటి ఏడు మిత్తి దాదాపు 2 లక్షల 53 వేలు, పరిమితికి పైనే ఉంది. డీ కాలమ్‌లో ఏప్రిల్ నుంచి మార్చి వరకు కూడితే మీ లెక్క మీకే తెలుస్తుంది. కొత్త విధానంలోకి మారినవాళ్లకు సొంతంగా ఉండే ఇంటి మీద ఈ మినహాయింపే లేదు, కాబట్టి ఆ ఆలోచన అక్కర్లేదు.

వ్యక్తులు సొంతింటికి తీసుకున్న ఫ్లోటింగ్ రేటు లోన్‌కు ముందస్తుగా కడితే చార్జీ వేయకూడదు, ఆర్‌బీఐ నియమమే. ఫిక్స్‌డ్ రేటు అయితే మాత్రం మీ అగ్రిమెంటు చదవండి. డబ్బు కట్టేటప్పుడు "ఇది పార్ట్ పేమెంట్, అసలులోనే జమ చేయండి, ఈఎంఐ అట్లాగే ఉంచి గడువు తగ్గించండి" అని రాసి ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. ఆన్‌లైన్‌లో కడితే ఆ ఎంపిక చూసి నొక్కండి. కొన్నిచోట్ల ఎక్కువ కట్టిన డబ్బును రాబోయే ఈఎంఐలకు అడ్వాన్సుగా పెట్టుకుంటారు, అప్పుడు పైన చూసిన లాభం రాదు. వారం తర్వాత కొత్త రీపేమెంట్ షెడ్యూల్ అడిగి తీసుకోండి. అందులో ఉన్న చివరి కిస్తీ తేదీ, మీ షీటులో బాకీ సున్నా అయిన నెల ఒక్కటే అయి ఉండాలి.

కట్టిన ప్రతిసారీ జీ గడిలో అంచనా చెరిపేసి నిజంగా కట్టిన అంకె కొట్టండి, రసీదు నంబరు పక్కనున్న ఐ కాలమ్‌లో రాయండి. షీటును ఇంట్లో ఇంకొకరి ఫోన్‌కు కూడా షేర్ చేయండి. అప్పు ఇద్దరి పేరు మీద ఉన్నప్పుడు లెక్క ఒక్కరి దగ్గరే ఉండటం మంచిది కాదు.

బాకీ సున్నా అయిన నెల వరుస కింద ఇంకో మూడు పనులు రాసిపెట్టుకోండి. ఒకటి, బాకీ ఏమీ లేదని బ్యాంకు ఇచ్చే నో డ్యూ సర్టిఫికెట్. రెండు, ఇంటి అసలు కాగితాలు. అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో వాటిని తిరిగివ్వాలి, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున మనకు ఇవ్వాలన్న నియమం 2023 డిసెంబరు నుంచి అమల్లో ఉంది. మూడు, లోన్ తీసుకున్నప్పుడు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తనఖా రిజిస్టర్ చేసి ఉంటే దాని రద్దు దస్తావేజు. అది చేయించాక ఈసీ (ఆస్తి మీద అప్పులు, తనఖాలు చూపే సర్టిఫికెట్) తీసి, ఇంటి మీద బ్యాంకు పేరు పోయిందో లేదో చూసుకోండి.